బ్రిటిషు అపరాధపరిశోధక నాటకములు

బ్రిటిషు టెలివిజనునందలి అపరాధపరిశోధక నాటకములను మేము ప్రీతితో చూచుచుందుము. 1997లో నారంభమైన ‘మిడ్‌సమర్ మర్డర్స్’ నందు పచ్చని పల్లెలలో హత్యవెంట హత్య జరుగును. హంతకు డెవడో యూహించు వేడుకలో చచ్చినవారిని మఱచి, శవముల లెక్కించుచు నవ్వితిమి.

2013 నాటి ‘బ్రాడ్‌చర్చ్’ మమ్ము సిగ్గుపడజేసినది. డార్సెట్ సముద్రతీరమున, కల్పితమైన యొక చిన్న పట్టణమున, పదునొకండేండ్ల బాలుడు హతుడగును. మొదటి కథ యెనిమిది భాగములును ఆ యొక్క మరణమునకే వెచ్చింపబడినవి. తల్లి శోకమును, ఇరుగుపొరుగువారి యనుమానములును మా కన్నుల యెదుట నిలిచినవి. హంతకుడు తెలిసిన పిదపను మా మనస్సు తేలికపడలేదు.

చిక్కుముడి విప్పుట నేర్పే. కాని పోయిన ప్రాణము విలువను తెలియజేయునదియే యుత్తమ నాటకమని మా యభిప్రాయము.