కిరణాయుధము – కడలి కాపు

2000 అక్టోబరులో ఏడెన్ రేవునందు, పేలుడు పదార్థములు నింపిన చిన్న పడవ యొకటి అమెరికా యుద్ధనౌక కోల్ ప్రక్కకు జేరి 17 మంది నావికులను బలిగొనెను. నాటి నుండి చిరుపడవల బెడద మహానౌకలకు నిద్ర పట్టనీయకున్నది. లేజరు కిరణమే దీనికి విరుగుడని కొందరు చాటుచున్నారు.

వారి మాటలో సత్యము లేకపోలేదు. 2014లో పారశీక సింధుశాఖయందు పోన్సే నౌకపై నిలిపిన 30 కిలోవాట్ల లేజరు, చిన్నపడవపై నుంచిన గురిని కాల్చివేసెను. 2025 ఏప్రిల్ 13న కర్నూలు వద్ద మన శాస్త్రజ్ఞులు అంతటి శక్తిగల యంత్రముతోనే మానవరహిత విమానమును కూల్చిరి. ఇది హర్షింపదగిన విజయము.

అయినను కర్నూలు మైదానము వేరు, కడలి వేరు. కిరణము ఒక్కచోటనే కొన్ని క్షణములు నిలిచిన గాని గురి కాలదు; అలలపై నూగు పడవ దాని నట్లు నిలువనీయదు. పొగమంచు, వాన, ఉప్పునీటి తుంపరలు దాని బలమును హరించును. శత్రువు పొగతెర వేసినను, పది పడవలను ఒక్కుమ్మడి పంపినను చిక్కే. అద్దము తగిలించిన చాలునను యూహ మాత్రము వ్యర్థము. మసియు ఉప్పును పట్టిన అద్దము తానే వేడెక్కి చెడును.

అంతకంటె ముఖ్య విషయ మొకటి కలదు. 2008 నవంబరులో ముంబయిపై బడిన ముష్కరులు మన చేపల పడవనే చేజిక్కించుకొని వచ్చిరి. మిత్రుడెవడో శత్రువెవడో కిరణ మెరుగదు; ఆ ఎరుక గస్తీవారికిని జాలరులకును గలదు. కావున ప్రభుత్వమువారు ఈ యంత్రమును వానకాలపు కడలిపై పరీక్షింతురు గాక! అంతదాక ఫిరంగులను దింపకుందురు గాక! జాలరుల విశ్వాసమును మాత్రము ఎన్నడును పోగొట్టుకొనకుందురు గాక!