తల్లిని బోనులోంచి దించండి

"వస అరగదీసి నాకించలేదా?" "పిల్లాణ్ణి ఆయా చేతిలో పెట్టి ఉద్యోగానికి పోతే ఇట్లనే అయితది." "ఫోనిచ్చి కూచోబెట్టినవ్, ఇప్పుడేడిస్తే ఏం లాభం?"

నాచారంలో మా చెల్లెలి కొడుకు మూడో పుట్టినరోజు నాడు, ఇంకా కేకు కోయకముందే నా చెవిన పడ్డ మాటలివి. అన్నవాళ్ళంతా అయినవాళ్ళే. వాడు ఫ్యాను కింద నిలబడి తిరిగే రెక్కల్నే చూస్తున్నాడు. పేరు పెట్టి పిలిస్తే తిరగడు. వాడికి ఆటిజం ఉంది. వాడి తల్లి వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆ తలుపు చప్పుడు నా చెవుల్లోంచి పోవడం లేదు. అందుకే రాస్తున్నాను.

ఆ ఇంటి నుంచి హబ్సిగూడ చౌరస్తాకు వచ్చి ఉప్పల్ వైపు తిరగండి. రోడ్డు పక్కనే సీసీఎంబీ, కణం లోగుట్టు చదివే సంస్థ. ఇంకాస్త ముందుకెళ్తే ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ. ఒకప్పుడు నాచారంలోనే ఉండేది. జన్యువుల్లోని లోపాల్ని పరీక్షించి చెప్పే చోటది. ఇంత చదువు పక్కనే పెట్టుకుని, పిల్లవాడికి మాట రాకపోతే తల్లి పెంపకం మీద తీర్పులిస్తున్నాం!

ఈ పాపం మన అమ్మలక్కలది మాత్రమే అనుకోకండి. పెద్ద పెద్ద డాక్టర్లూ చేశారు. 1943లో 11 మంది పిల్లల్ని చూసి ఆటిజాన్ని వర్ణించిన లియో కానర్, ఆ తల్లిదండ్రుల్లో ప్రేమ చల్లబడిందని కూడా రాశాడు. 1967లో షికాగో ప్రొఫెసర్ బ్రూనో బెటెల్‌హైమ్ నేరాన్ని ఏకంగా తల్లి నెత్తిన రుద్దుతూ పుస్తకమే అచ్చేశాడు. 'రిఫ్రిజిరేటర్ తల్లులు' అని పేరు పెట్టి ఒక తరం ఆడవాళ్ళని ఏడిపించారు. కానర్ 1969లో తల్లిదండ్రుల సభలోనే నిలబడి, మీ తప్పేం లేదని ఒప్పుకున్నాడు. 1977లో ఫోల్‌స్టీన్, రటర్ అనే పరిశోధకులు 21 కవల జంటల్ని పరీక్షించి, వేర్లు జన్యువుల్లో ఉన్నాయని చూపించారు. 2019లో ఐదు దేశాల్లో 20 లక్షల మంది వివరాలు చూసిన అధ్యయనం, ఒకరికి ఆటిజం వచ్చి ఇంకొకరికి రాకపోవడంలో దాదాపు 80 శాతం వాటా వారసత్వపు జన్యువులదేనని తేల్చింది. ఒక్క జన్యువు కాదు, వందలు. కొన్ని మార్పులు తల్లిలోనూ తండ్రిలోనూ ఉండవు, బిడ్డలోనే కొత్తగా పుడతాయి. తండ్రి వయసు పెరిగేకొద్దీ అలాంటివి ఎక్కువవుతాయి. ఈ మాట ఏ పేరంటంలోనైనా విన్నారా? అలాగని తండ్రిని బోనెక్కించమని నేననను. నెలలు బాగా తక్కువగా పుట్టడం, ఫిట్స్‌కు వాడే వాల్‌ప్రోయేట్ మందు గర్భంలో బిడ్డకు తగలడం కూడా ముప్పు పెంచుతాయి. (ఆ మందు వాడుతున్నవాళ్ళు సొంతంగా ఆపొద్దు, డాక్టరుతో మాట్లాడండి.)

ఇక టీకా. 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ 12 మంది పిల్లల్ని చూపించి, మీజిల్స్-రుబెల్లా ఉన్న టీకాకూ ఆటిజానికీ లంకె ఉందంటూ వైద్య పత్రిక లాన్సెట్‌లో మంట పెట్టాడు. టీకా కంపెనీల మీద దావా వేసే లాయరు తరఫున డబ్బు తీసుకున్నాడని తర్వాత బయటపడింది. 2010లో పత్రిక ఆ వ్యాసాన్ని రద్దు చేసింది, అతని డాక్టరు రిజిస్ట్రేషన్ పోయింది. డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించినా టీకాకూ ఆటిజానికీ లంకె దొరకలేదు. మన దగ్గర మీజిల్స్-రుబెల్లా రెండో డోసు 16-24 నెలల మధ్య వేస్తారు. నేర్చిన నాలుగు మాటలు పోవడం, కళ్ళలోకి చూడకపోవడం ఇంట్లోవాళ్ళు గుర్తించేదీ సరిగ్గా ఆ వయసులోనే. రెండూ ఒకే నెలలో జరిగాయని నింద సూది మీద పడింది. అసలు ఘోరం వేరే ఉంది. కడుపుతో ఉన్న తల్లికి రుబెల్లా సోకితే బిడ్డకు ఆటిజం వచ్చే ముప్పు ఎక్కువని 1971లోనే తేలింది. ఆ రుబెల్లాను ఆపేది ఈ టీకానే. 2017 ఆగస్టులో మన రాష్ట్రంలో అంత పెద్ద ఎత్తున వేసిన ఈ సూదికి భయపడి పారిపోవడమంటే, ఆటిజానికి తలుపు తీసి పెట్టడమే.

ఫోను సంగతీ చెప్తాను. రోజంతా తెర ముందుంటే మాటలు తగ్గుతాయి, తగ్గించండి. కానీ ఆటిజాన్ని అది పుట్టించదు. మనుషుల ముఖాల కంటే కదిలే బొమ్మలు తేలిగ్గా అర్థమయ్యే పిల్లవాడు తనంతట తనే తెరకు అతుక్కుంటాడు.

తప్పు తనదేనని నమ్మిన తల్లి ఎంతైనా ఖర్చు పెడుతుంది. అది తెలిసిన వ్యాపారి ఊరుకుంటాడా? మా చెల్లెలు ఒక చోట స్టెమ్ సెల్స్‌కు లక్షల లెక్క రాయించుకుని వచ్చింది. ఆటిజానికి ఆ వైద్యం చెయ్యొద్దని జాతీయ వైద్య కమిషన్ బోర్డు 2022 డిసెంబరులోనే చెప్పింది. గొలుసు అమ్మబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. "నా వల్లే కదక్కా ఇదంతా, నేనే తీర్చాలి కదా" అంది. ఆ మాట ఆమెతో అనిపించిన ప్రతి ఒక్కరినీ నిలదీస్తున్నాను.

"మగపిల్లలకు మాటలాలస్యం, వాళ్ళ నాయనకూ అంతే" అంటూ ఏడాదిన్నర తినేశారు. స్పీచ్ థెరపీకి పోవాల్సిన ఏడాదిన్నర అది. మీరంతా భయపడే ఆ రెండో డోసు రోజునే, సూది వేసే నర్సమ్మ ప్రతి బిడ్డ తల్లినీ రెండు ప్రశ్నలు అడగాలి: పేరు పెట్టి పిలిస్తే తిరుగుతున్నాడా? కావలసినదాన్ని వేలితో చూపిస్తున్నాడా? లేదంటే ఆ వారంలోనే పరీక్షకు పంపాలి. నాచారంలోనూ, ఉప్పల్‌లోనూ, ప్రతి బస్తీలోనూ.