వాన లెక్క మనమే రాద్దాం! అక్టోబరు 2 గ్రామసభకు రండి!

చెరువు కింది రైతులారా, మెట్ట రైతులారా, కూలికి పోయే అక్కచెల్లెళ్ళారా, జీవాలు కాసే తమ్ముళ్ళారా!

మన అనంతపురం సీమలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. ఇది మన తాతలకూ తెలిసిన లెక్కే. ఆ కాస్త వానతోనే వాళ్ళు కొర్ర, జొన్న, ఆముదం పండించారు. ఇప్పుడు మనల్ని ముంచుతున్నది వాన నడక. నెలంతా మొహం చాటేసి ఒక రాత్రిలో కుమ్మరించి పోతోంది.

2023 ఆగస్టు మరిచారా? దేశంలో 1901 నుంచి వాన లెక్కలు రాస్తున్నారు. అంత పొడి ఆగస్టు ఇంకోటి లేదు. ఆ ఏడు రాష్ట్రంలో 103 మండలాలను కరువు మండలాలని ప్రకటించారు. దానికి ముందు ఏడు అక్టోబరులో ఇదే జిల్లా కేంద్రంలో వంక పొంగి కాలనీలు మునిగాయి. ఇంకో ఏడు వెనక్కి పోతే, 2021 నవంబరులో పక్కనే కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్ళు కొట్టుకుపోయాయి. వరుసగా మూడేళ్ళు. రెండేళ్ళు నీళ్ళెక్కువై ఏడ్చాం, ఒక ఏడు నీళ్ళు లేక ఏడ్చాం. ఇంత జరిగాక కూడా మన పంచాయతీ ప్రణాళిక కాగితం తీసి చూడండి: సీసీ రోడ్డు, డ్రైనేజీ, ఇంకో సీసీ రోడ్డు. రోడ్డు వద్దని ఎవరూ అనరు. ఆ రోడ్డు మీద నడిచి వలస బస్సు ఎక్కడమే మన పనా అని అడుగుతున్నాం.

ఒక లెక్క చూడండి. ఎకరా నేల మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 2 లక్షల లీటర్ల నీళ్ళు. నిదానంగా పడితే భూమి తాగుతుంది. గంటలో పడితే చేను పైమట్టిని కూడా ఎత్తుకుని వంకన పోతుంది. వంక చెరువుకు చేరాలి కదా, అక్కడే ఉంది తిరకాసు. మన చెరువుకు నీళ్ళు తెచ్చే వంకల్లో కంపచెట్లు అల్లుకున్నాయి. కాలువను దున్ని చేనులో కలుపుకున్నవాళ్ళూ ఉన్నారు. పేర్లు రాయం, పొద్దున లేస్తే ఒకరి మొహం ఒకరం చూసుకోవాల్సిన వాళ్ళం. కానీ ఆ కాలువ ఎక్కడ పారేదో, మరవ ఎంత ఎత్తుండేదో, ఏ తూము ఏ ఆయకట్టుకు తడి ఇచ్చేదో ముసలివాళ్ళకు తెలుసు. వాళ్ళుండగానే వాళ్ళ వెంట నడిచి పటం గీయించుకోవాలి. ఇంకో పదేళ్ళు పోతే అడగడానికి మనిషి ఉండడు.

ఇదేం కొత్త విద్య కాదు. 1369లో పోరుమామిళ్ళ చెరువు కట్టించిన విజయనగర రాజకుమారుడు భాస్కరుడు, మంచి చెరువుకు ఉండాల్సిన 12 సాధనాలు, ఉండకూడని 6 దోషాలు రాతి మీద చెక్కించాడు. నీళ్ళు తక్కువై సాగు భూమి ఎక్కువ కావడం ఆ దోషాల్లో ఒకటి. మన బోర్ల కథంతా ఆ ఒక్క ముక్కలో ఉంది. పక్కవాడు 400 అడుగులు వేస్తే మనం 600 వేశాం, వాడు మళ్ళీ 800 వేశాడు. నీళ్ళు పెరగలేదు, వడ్డీ పెరిగింది.

2003 నుంచి కొన్నేళ్ళపాటు మన జిల్లాతో సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే వానమాపకం పెట్టుకుని, బోర్లలో నీటిమట్టం కొలుచుకుని, రబీకి ముందు కూర్చుని ఊరి నీటి బడ్జెట్ వేసుకున్నారు. భూమిలోకి ఇంత దిగింది, ఇంత తోడొచ్చు, అయితే వరి ఎంత, ఆరుతడి ఎంత? బడిపిల్లలు చేసే కూడికలు, తీసివేతలే. ఆ లెక్క మళ్ళీ మన ఊళ్ళో ఎందుకు వేయకూడదు?

జిల్లాకు ప్రణాళిక లేదనుకోవద్దు. హైదరాబాదులోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రిడా వాళ్ళు దేశంలో దాదాపు ప్రతి జిల్లాకూ ఒక ఆపత్కాల పంటల ప్రణాళిక రాశారు. వాన రెండు వారాలు ఆలస్యమైతే ఇది వేయండి, నాలుగు వారాలైతే అది వేయండి అని అందులో ఉంటుంది. మంచి మాటే. మరి పదును అయిన రోజున ఆ కొర్ర విత్తనం, ఆ కంది విత్తనం ఎవరింట్లో ఉంది? వాన పడిన తర్వాత ఆధార్ కార్డు పట్టుకుని వరుసలో నిలబడితే పదును ఆరిపోతుంది. ఆగస్టులో పనికొచ్చే విత్తనం ఏప్రిల్‌కే ఊళ్ళో, మన అక్కల సంఘాల చేతిలో ఉండాలి. అంత చిన్న సంగతి ఏ జిల్లా పుస్తకమూ మన తరఫున చూసిపెట్టదు.

అందుకే ఊరికో ప్రణాళిక కావాలి. పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక రాసే కాలం అక్టోబరు 2న మొదలవుతుంది. చిన్ననీటి వనరులు, భూసంరక్షణ, పశుగ్రాసం పంచాయతీలు చూడదగ్గ 29 అంశాల్లో ఉన్నాయని రాజ్యాంగమే చెబుతోంది. కాబట్టి ఇది మనం చేసే బిచ్చపు అర్జీ కాదు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే. మన ఊరి ఉపాధి పనుల జాబితాలో ముందు మన వంకల పూడికతీత రాయించాలి. వంకకు ఎవరు కాపలా, మరవ పారితే దిగువ ఇళ్ళకు ఎవరు కబురు చెప్పాలి, గొర్రెలకు ఎండాకాలం నీళ్ళతొట్టి ఎవరు నింపాలి, వడగాడ్పు రోజుల్లో కూలి పని ఎన్ని గంటలకు ఆపాలి, అన్నీ పేరుతో, తేదీతో రాయించాలి. పేరు లేని పని మన ఊళ్ళో ఎవరూ చేయరు, ఆ సంగతి మనకందరికీ తెలుసు.

తీర్మానం రాశాక గట్టిగా చదివించుకోండి. చదవకుండా సంతకం పెట్టొద్దు. ఖాళీ పేజీ మీద వేలిముద్ర అసలే వేయొద్దు.

అక్టోబరు 2, ఉదయం 10 గంటలకు, పంచాయతీ ఆఫీసు ముందు. పట్టాదారు పాసు పుస్తకం అక్కర్లేదు. భూమి లేనివాళ్ళూ రావాలి, కరువొస్తే మొదట ఊరు విడిచేది వాళ్ళే. బోరున్నవాళ్ళు దాని లోతు, అది ఎండిన సంవత్సరం ఒక చీటీ మీద రాసుకుని తీసుకురండి.

ఇట్లు,
మీ ఊరి రైతులు, కూలీలు