గడ్డి వెన్ను, గుర్రపు తోలు, మన సంఘం శాలువాలు

మళ్లీ పెద్ద పోస్టే, తీరికగా చదవండి.

మొన్న మీటింగు అయ్యాక టీ తాగుతూ, కెనడాలో ఉన్న మన సభ్యుడి కొడుకు పంపిన వీడియో చూశాం. మోకాలిలోతు మంచులో చెట్ల మధ్య వెళ్తున్నాడు. నడుస్తున్నాడో జారుతున్నాడో మొదట అర్థం కాలేదు. ఎక్కేటప్పుడు నడక, దిగేటప్పుడు జారుడు. కాళ్లకున్నవి స్కీల కన్నా పొట్టి, స్నోషూల కన్నా పొడుగు. ఏంట్రా అవి అంటే "హోక్ అంటారు అంకుల్, రెండూ కలిపి చేసినవి" అన్నాడు.

రాయగడలో మనకి మంచంటే చలికాలం పొద్దున్న కొండల మీద కమ్ముకునే పొగమంచే. అయినా ఆ వస్తువు గురించి తెలుసుకుంటూ పోతే మన సంఘానికి తగిలే మాటొకటి దొరికింది.

స్నోషూ అంటే కాలికింద వెడల్పాటి చట్రం. బరువు పరుచుకుంటుంది కాబట్టి మెత్తటి మంచులో కాలు దిగబడదు. కానీ ప్రతి అడుగూ ఎత్తి వెయ్యాలి, దిగుడులో కూడా నడకే. స్కీ బాగా జారుతుంది, ఎత్తు ఎక్కబోతే వెనక్కీ జారుతుంది. ఈ హోక్ పొట్టిగా వెడల్పుగా ఉంటుంది, 125 లేదా 145 సెంటీమీటర్లు. అడుగున ఒకవైపుకి వాలిన నూగు పట్టీ ఉంటుంది. ముందుకి తోస్తే జారుతుంది, వెనక్కి లాగితే పట్టుకుంటుంది. చిన్నప్పుడు గడ్డి వెన్ను చొక్కా చేతిలో పెట్టుకుని చెయ్యి ఊపితే దానంతటదే భుజందాకా పాకేది, గుర్తుందా? అదే కిటుకు.

చదును చేసిన దారిలో దీనికి అసలు స్కీ వేగం రాదు. గడ్డకట్టిన నిట్టవాలులో స్నోషూ పళ్లంత గట్టిగా పట్టదు. అటూ ఇటూ కానిది అనొచ్చు. రాయగడ తెలుగువాళ్లం, ఆ మాట మనకేం కొత్త? సగం ఒడియా కలిసిన మన మాట విని విజయనగరం చుట్టాలు ఇప్పటికీ నవ్వుతారు. బజారూ పెళ్లిళ్లూ ఆ మాటతోనే నడుస్తున్నాయి కదా.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఆలోచన ఫ్యాక్టరీలో పుట్టింది కాదు. చైనా ఉత్తరపు అంచున, ఆల్తాయ్ కొండల్లో, తువా, కజాక్ పల్లెల జనం చెట్టు మాను చెక్కి స్కీలు చేసుకుంటారు. అడుగున గుర్రపు తోలు, వెంట్రుక వెనక్కి వాలేలా బిగిస్తారు. చేతిలో ఒకటే పొడుగాటి కర్ర. అమెరికాకి చెందిన నిల్స్ లార్సెన్ 2005 నుంచి అక్కడికి వెళ్లి, వాళ్లతో ఉండి, సినిమా తీశాడు. తర్వాత స్కీల రూపకర్త ఫ్రాంస్వా సిల్వాన్‌తో కలిసి ఈ హోక్ తయారుచేశాడు. కంపెనీకి ఆల్తాయ్ అని పేరు పెట్టారు. హోక్ అన్నది కూడా తువా మాటే. ఎవరి దగ్గర నేర్చుకున్నారో పేరులోనే ఉంది. పేరు పెట్టినంతమాత్రాన బాకీ తీరదని మాకూ తెలుసు. కానీ మనం ఆ మాత్రం కూడా చెయ్యలేదు.

పోయిన ఉగాదికి అతిథులకి కప్పిన శాలువాలు చూడండి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ త్రికోణాలు. అందరూ బాగున్నాయన్నారు. అవి డొంగ్రియా కొంధ్ ఆడపిల్లలు చేత్తో కుట్టే కప్డాగండా నమూనాకి మిల్లు అచ్చు. హోల్‌సేల్ కొట్లో చవగ్గా వచ్చాయని మేమే తెచ్చాం, కాబట్టి తిట్టేదేదో మమ్మల్నే తిట్టండి. ఆ పిల్లలు అన్నదమ్ములకీ మనసైనవాళ్లకీ ఇచ్చుకునే గుడ్డ అది. 2024 జనవరిలో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వేదిక మీద వాళ్ల పేరు మనం ఎత్తలేదు.

కొండవాళ్ల దగ్గర మనకున్న లెక్క పాతదే. 1936 దాకా ఇది విశాఖపట్నం జిల్లా. మైదానం నుంచి వచ్చిన షావుకార్ల వడ్డీలకి భూములు పోతున్నాయనే 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ వడ్డీ, భూ బదలాయింపు చట్టం తేవాల్సి వచ్చింది. ఆ షావుకార్లలో మనవాళ్లూ ఉన్నారు. అదే కాలంలో పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు సవరల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకుని, ఆ భాషలోనే వాళ్ల పిల్లలకి పుస్తకాలు రాశారు. సభల్లో గిడుగు వారి ఫొటోకి దండ వేస్తాం, శాలువా దగ్గరికొచ్చేసరికి షావుకారు లెక్కే చూస్తాం.

ఖజాంచి గారి అభ్యంతరం మాకు తెలుసు. చేతికుట్టు ఖరీదు, పైగా ఆలస్యం. నిజమే. అందుకే ఇరవై వద్దు, ఐదు చాలు. పెద్దవాళ్లకి శాలువా, మిగతావాళ్లకి పువ్వూ పండూ. డబ్బు ముందే ఇద్దాం, బేరం ఆడొద్దు. కుట్టినవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేరూ ఊరూ మైకులో చదువుదాం. వీలైతే వాళ్లనే పిలిచి మన పక్కన కూర్చోబెడదాం.

వచ్చే బుధవారం చాటికోన సంతకి మేం ఇద్దరం వెళ్తున్నాం. కువి మాట్లాడగలిగినవాళ్లు ఒకరు తోడొస్తే బాగుంటుంది. పొద్దున్నే బయల్దేరాలి, మధ్యాహ్నం దాటితే కొండ దిగినవాళ్లు తిరుగుదారి పడతారు. ఐదింటికి ఎన్నాళ్లు పడుతుందో వాళ్లు చెప్పాక సంఘం గ్రూపులో పెడతాం.