ట్రాన్స్‌జెండర్లు: దీవెన, అనుమానం, రుజువు

తెలుగు పట్టణాల్లో ట్రాన్స్‌జెండర్ల గురించి రెండు నమ్మకాలు పక్కపక్కనే బతుకుతున్నాయి. ఒకటి, హిజ్రా నోటి మాటకు మహిమ ఉందన్నది. కొత్త కొట్టు తెరిచిన రోజు వాళ్లొచ్చి దీవిస్తే వ్యాపారం కలిసొస్తుందట. ఇచ్చిన డబ్బులోంచి వాళ్లు తిరిగి చేతిలో పెట్టిన రూపాయి బిళ్లను గల్లాపెట్టెలో దాచుకుంటే లక్ష్మి నిలుస్తుందట. ఒట్టి చేతులతో పంపిస్తే శాపం తగులుతుందట. రెండో నమ్మకం, వాళ్లు లోకాన్ని మోసం చేస్తున్నారన్నది. ఒళ్లు వంచలేక చీర కట్టారని, చోటిస్తే ఆడపిల్లల పతకాలు కూడా ఎత్తుకుపోతారని అంటారు. విశాఖపట్నంలో పూర్ణా మార్కెట్ నుంచి గాజువాక దాకా ఈ రెండు మాటలూ తరచు ఒకే మనిషి నోట వినిపిస్తాయి. పొద్దున కొట్టు ముందు దండం పెట్టినవాడే సాయంత్రం టీ బడ్డీ దగ్గర వెకిలిగా నవ్వుతాడు.

దీవెన సంగతి తేల్చడం కష్టమేమీ కాదు. దానికి ఫలితం ఉందనాలంటే దీవెన అందిన కొట్లు ఎన్ని నిలిచాయో, అందని కొట్లు ఎన్ని నిలిచాయో లెక్క కట్టాలి. ఆ లెక్క ఎవరూ కట్టరు. నిలిచిన కొట్టు దీవెన ఖాతాలో పడుతుంది, మూతపడిన కొట్టు వాస్తు ఖాతాలోనో ఏలినాటి శని ఖాతాలోనో పడుతుంది. ఏం జరిగినా ఓడిపోని నమ్మకం దేన్నీ రుజువు చెయ్యలేదు.

అసలు అడగవలసింది ఈ దీవెనే ఒక వర్గానికి బతుకుతెరువు ఎలా అయిందని. అందుకు సమాధానం చట్టాల చరిత్రలో దొరుకుతుంది. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో చేసిన నేరస్థ జాతుల చట్టం రెండో భాగం నపుంసకులుగా ముద్రపడినవారి పేర్లు రిజిస్టరులో ఎక్కించమంది. నిజాం రాజ్యంలో 1329 ఫసలీలో, అంటే 1919 ప్రాంతంలో, అదే తరహా చట్టం వచ్చింది. ఆడ బట్టలు కట్టి వీధిలో కనిపించినా, ఆడినా పాడినా వారెంటు లేకుండా అరెస్టు చెయ్యవచ్చని అది చెప్పింది. స్వాతంత్ర్యం వచ్చినా, రాష్ట్రాలు కలిసినా విడిపోయినా ఆ చట్టం పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. వైజయంతి వసంత మొగిలి తదితరులు వేసిన వ్యాజ్యంలో తెలంగాణ హైకోర్టు 2023 జూలై 6న దాన్ని కొట్టేసింది. ఒక మనిషి నలుగురిలో కనబడటమే నేరమని రాసుకున్న సమాజం ఆ మనిషికి పని ఎలా ఇస్తుంది? బడి, కూలి, కొలువు అన్నీ మూసుకుపోయాక చప్పట్లు, దీవెనలు, రైలు పెట్టెలు మిగిలాయి. శాపభయం లేకపోతే ఆ నాలుగు రూపాయలూ రాలేవి కావు. మూఢనమ్మకమే ఇక్కడ కూలి డబ్బులకు పూచీకత్తు అయింది. అందుకే ఈ నమ్మకాన్ని విమర్శించేవారు ముందు మూసిన తలుపుల గురించి మాట్లాడాలి. లేకపోతే ఆ విమర్శ పేదవాడి కంచం లాగేయడమే అవుతుంది.

ఈ చర్చ మొదలైతే పురాణాలు వచ్చి తీరతాయి. ఒప్పుకునేవారు అర్ధనారీశ్వరుణ్ణి, బృహన్నలను, శిఖండిని చూపిస్తారు. మన సంస్కృతిలో వీళ్లకు ఎప్పుడూ చోటుందంటారు. ఉద్దేశం మంచిదే గాని వాదన బలహీనం. అర్జునుడు బృహన్నల కావడం ఊర్వశి శాపఫలం, ఏడాది గడిచాక తీరిపోయే శిక్ష. కురుక్షేత్రంలో శిఖండి భీష్ముడి ముందు నిలబెట్టిన అడ్డు. దేవుడి పక్కన చోటిచ్చిన ఆచారాలూ ఉన్నాయి. వేములవాడలో శ్రీరామనవమి నాడు జోగినులు, హిజ్రాలు శివుణ్ణి పెళ్లాడినట్టు తలంబ్రాలు పోసుకుంటారు. ఆ మర్నాడు వాళ్లకు అద్దెకు ఇల్లిచ్చేవారి సంఖ్య ఏమీ పెరగదు. మనిషి గౌరవానికి పురాణం సాక్ష్యం అక్కర్లేదు. పురాణం ఎదురు తిరిగిందే అనుకున్నా ఆ గౌరవం తగ్గకూడదు.

రోజువారీ బతుకులో ఈ ప్రశ్న ఎలా ఎదురవుతుందో చూపే ఉదంతం విశాఖలోనే ఉంది. సబి గిరి 2010లో నావికాదళంలో చేరిన నావికురాలు. మెరైన్ ఇంజనీరింగ్ విభాగం ఆమెది. విశాఖలో గ్యాస్ టర్బైన్లను ఓవర్‌హాల్ చేసే ఐఎన్‌ఎస్ ఏక్సిలలో పనిచేశారు. సెలవు పెట్టి 2016లో శస్త్రచికిత్స చేయించుకుని స్త్రీగా మారారు. 2017 అక్టోబరులో నావికాదళం ఆమెను ఉద్యోగం నుంచి తొలగించింది. నియామక సమయంలో ఉన్న అర్హత ఇప్పుడు లేదని, నిబంధనలు ఒప్పుకోవని కారణం చెప్పింది. అప్పటికి నావికుల హోదాలో స్త్రీలను తీసుకునే పద్ధతి లేదు. స్త్రీలు ఉన్నది అధికారుల్లోనే. 2023 మార్చిలో ఒడిశాలోని ఐఎన్‌ఎస్ చిల్కా నుంచి మొట్టమొదటి మహిళా అగ్నివీర్‌ల బృందం శిక్షణ ముగించుకుని బయటికొచ్చింది. ఆరేళ్లు తిరగకముందే నిబంధనే మారింది. ఇంజను మారలేదు, దాని మీద చేసే పనీ మారలేదు. శరీరధర్మం అనుకున్నది నిజానికి ఒక నియామక నిబంధన అని దీన్నిబట్టి తెలుస్తోంది. ఏడేళ్ల నైపుణ్యం ఉన్న మనిషిని ఇంటికి పంపించడానికి అది చాలిన కారణం కాదు.

చట్టం ఈ విషయంలో ఆచారం కన్నా ముందుంది. జాతీయ న్యాయసేవల సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న ట్రాన్స్‌జెండర్ల గుర్తింపును, పౌరహక్కులను అంగీకరించింది. పార్లమెంటు 2019లో చేసిన చట్టం 2020 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. చదువు, ఉద్యోగం, వైద్యం, అద్దె ఇల్లు, వీటిలో వివక్ష చూపకూడదంది. అయితే దాడి చేసినా, లైంగికంగా హింసించినా ఈ చట్టం కింద పడే గరిష్ఠ శిక్ష రెండేళ్లే. స్త్రీపై అత్యాచారానికి కనీస శిక్షే పదేళ్లున్న దేశంలో ఇది అన్యాయం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి ట్రాన్స్‌జెండర్లకు నెలకు రూ.4,000 పెన్షన్ ఇస్తున్నారు. 2011 జనగణనలో ఉమ్మడి రాష్ట్రంలో ‘ఇతరులు’ అన్న గడిలో నమోదైనవారు 43,769 మంది. ఇంట్లో తెలియనివ్వక ఆ గడి నింపనివారు ఎంతోమంది ఉంటారు కాబట్టి అసలు సంఖ్య అంతకన్నా పెద్దదే అయివుండాలి.

ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025 జూన్‌లో ఇచ్చిన ఒక తీర్పు ఇక్కడ నిలిచి చూడదగ్గది. అత్తింటివారు వేధించారని ఒక ట్రాన్స్ మహిళ ఫిర్యాదు చేసింది. ఆమె బిడ్డను కనలేదు కనుక చట్టం చెప్పే స్త్రీ కాదని అవతలివారు వాదించారు. సరైన ఆధారాలు లేవని కేసును కొట్టేసినా, ఆ వాదనను మాత్రం న్యాయమూర్తి వెంకట జ్యోతిర్మయి ప్రతాప ఒప్పుకోలేదు. కనడమే స్త్రీత్వమని చెప్పే నమ్మకం తెలుగునాట ముందు ఎవరిని కొట్టిందో గుర్తు చేసుకోవాలి. గొడ్రాలని పేరు పెట్టి సీమంతానికి పిలవనిది, పొద్దున్నే ఎదురొస్తే కీడని తప్పుకున్నది మన ఇళ్లలోని ఆడవాళ్లనే. ట్రాన్స్ మహిళను బయటికి నెట్టడానికి పట్టుకున్న కొలబద్ద ఆ ఆడవాళ్ల మీద ఎప్పుడో వాడినదే.

ఇక క్రీడలు. ఫోన్లలో సాగే వాదనల్లో అందరూ చివరికి వచ్చి పడేది ఇక్కడికే. తెలుగువారికి ఈ గొడవ దగ్గరగా తగిలిన రోజు 2023 అక్టోబరు 1. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆ రోజు ఇద్దరు తెలుగు అమ్మాయిలు పతకాలు గెలిచారు. ఒకరు విశాఖ పోర్టు హైస్కూల్లో చదివిన జ్యోతి యర్రాజి. నూరు మీటర్ల హర్డిల్స్‌లో పక్క లేన్ చైనా క్రీడాకారిణి తుపాకీ పేలకముందే కదిలితే, జ్యోతి కూడా తప్పు చేసిందని మొదట పక్కకు తప్పుకోమన్నారు. ఆమె ఒప్పుకోలేదు. వీడియో మళ్లీ చూడమని నిలబడింది, అధికారులు పరుగెత్తనిచ్చారు. అంతా పరిశీలించాక చైనా క్రీడాకారిణిని అనర్హురాలిగా ప్రకటించి జ్యోతికి రజతం ఇచ్చారు.

రెండో అమ్మాయి తెలంగాణకు చెందిన నందిని అగసర. హెప్టాథ్లాన్‌లో 5,712 పాయింట్లతో కాంస్యం గెలిచింది. నాలుగు పాయింట్ల తేడాతో నాలుగో స్థానంలో ఆగిపోయిన సాటి భారత క్రీడాకారిణి, తన పతకం ఒక ట్రాన్స్‌జెండర్‌కు పోయిందని సామాజిక మాధ్యమంలో రాసింది. తర్వాత ఆ రాతను తనే తీసేసింది. ఆధారం ఏదీ బయటికి రాలేదు, పతకం నందినిదిగానే ఉంది. 2025లో గుమి ఆసియా ఛాంపియన్‌షిప్‌లో ఆమె 5,941 పాయింట్లతో స్వర్ణం గెలిచింది. కానీ ఆ రెండు మూడు రోజుల్లో లక్షల ఫోన్లలో ఆమె కండరాల మీద, దవడ మీద, ఛాతీ మీద ముక్కూ మొహం తెలియనివాళ్లు తీర్పులు చెప్పారు. ఇద్దరమ్మాయిలదీ ఒకే దేశం, ఒకే రోజు. జ్యోతి వివాదంలో సాక్ష్యం చూసి నిర్ణయించారు. నందిని విషయంలో చూపు ఒక్కటే సాక్ష్యమైపోయింది.

స్త్రీత్వాన్ని ఇలా అనుమానించడం క్రీడల్లో పాత జబ్బే. స్పెయిన్ హర్డిల్స్ క్రీడాకారిణి మరియా హోసే మార్టినెజ్ పటీన్యో 1985లో కోబేలో క్రోమోజోమ్ పరీక్షలో ఎక్స్‌వై అని తేలి నిషేధానికి గురైంది. ఆమె శరీరం టెస్టోస్టెరాన్‌కు స్పందించనే స్పందించదు, అంటే ఆ క్రోమోజోమ్ వల్ల ఆమెకు ఒరిగిందేమీ లేదు. మూడేళ్లు పోరాడి 1988లో హక్కు తిరిగి తెచ్చుకుంది. తమిళనాడు శాంతి సౌందరరాజన్ 2006 దోహా ఆసియా క్రీడల రజతాన్ని పోగొట్టుకుంది. హైదరాబాద్‌లో శిక్షణ పొందిన ఒడిశా స్ప్రింటర్ ద్యుతీ చంద్‌ను హార్మోను నిబంధన కింద 2014లో జట్టు నుంచి తీసేశారు. ఆమె క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్లింది. సహజంగా ఉండే హార్మోను ఎంత లాభమిస్తుందో చూపే ఆధారం చాలదని ఆ న్యాయస్థానం 2015లో ఆ నిబంధనను నిలిపివేసింది. ఈ ముగ్గురూ ఆడపిల్లలుగా పుట్టి పెరిగినవారే, ఒక్కరూ ట్రాన్స్‌జెండర్ కారు. ట్రాన్స్‌జెండర్ల మీద లేచిన అనుమానం మొదట కాల్చేది కండపుష్టి ఉన్న ప్రతి ఆడపిల్లనూ. బరువులెత్తితే మగరాయుడివంటారని వెనక్కి లాగే ఊళ్ల మధ్య నుంచే శ్రీకాకుళం జిల్లా కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీకి వెళ్లి కాంస్యం తెచ్చింది.

అయితే మరో పక్కనున్న వాస్తవాన్ని దాచడం హేతువాదికి తగదు. యుక్తవయసుకు ముందు ఆడామగా పిల్లల పరుగులో తేడా స్వల్పం. తర్వాత టెస్టోస్టెరాన్ ఎత్తును, ఎముకను, కండరాన్ని పెంచుతుంది. అగ్రశ్రేణి పరుగులో ఆ తేడా పది పన్నెండు శాతం దాకా ఉంటుంది, దూకడంలోనూ బరువులెత్తడంలోనూ ఇంకా ఎక్కువ. హార్మోన్ చికిత్సతో హిమోగ్లోబిన్ కొన్ని నెలల్లోనే స్త్రీల స్థాయికి దిగుతుంది. కండరం ఏడాదిలో కొద్దిగానే తగ్గుతుంది. పెరిగిన ఎత్తు తగ్గనే తగ్గదు. మహిళల విభాగం అంటూ విడిగా పెట్టిందే ఈ తేడా వల్ల గనక, పోటీపడే అమ్మాయిల ఆందోళనను ద్వేషమని కొట్టిపారేయడం తప్పు. పురుష యుక్తవయసు దాటినవారిని వరల్డ్ అథ్లెటిక్స్ 2023 మార్చిలో, అంతర్జాతీయ క్రికెట్ మండలి అదే ఏడాది నవంబరులో మహిళల పోటీల నుంచి మినహాయించాయి. ఈ విషయం మీద చేసిన పరిశోధనల్లో చాలావరకు క్రీడాకారులు కానివారి మీద చేసినవే. అందుచేత ఈ నిబంధనలు ఆధారాలు పెరిగేకొద్దీ మారవలసినవే. టోక్యో ఒలింపిక్స్‌లో న్యూజిలాండ్ లిఫ్టర్ లారెల్ హబ్బర్డ్ మూడు ప్రయత్నాల్లోనూ విఫలమైంది. ఆ ఒక్క ఫలితాన్ని చూపించి లాభం లేదనడమూ తర్కం కాదు.

ఇక్కడ ఒక వివరం చాలామంది వాదనల్లో జారిపోతుంది. క్రికెట్ మండలి తన నిబంధన అంతర్జాతీయ మ్యాచ్‌లకేనని, దేశంలోపలి ఆటల సంగతి ఆయా బోర్డులే చూసుకోవాలని చెప్పింది. 2025 మహిళల ప్రపంచకప్‌లో విశాఖ స్టేడియంలో జరిగిన మ్యాచ్‌కు ఉండే నియమం ఉక్కునగరం మైదానంలో ఆదివారం ఆడుకునే పిల్లలకు ఉండనక్కర్లేదని దాని అర్థం. క్రీడాసంఘాలకే తెలిసిన ఈ హద్దును టీ బడ్డీ వాదన చెరిపేస్తుంది. ఒలింపిక్ పతకం గురించి మొదలుపెట్టి, ఆ ఊపులోనే ట్రాన్స్‌జెండర్‌కు బస్సులో పక్కసీటు కూడా అక్కర్లేదని తేల్చేస్తుంది. ఒకటి కొద్దిమంది క్రీడాకారుల శరీరాలను కొలిచి తేల్చవలసిన సాంకేతిక ప్రశ్న. రెండోది పౌరహక్కు. మొదటి ప్రశ్నకు వచ్చే జవాబు ఏదైనా రెండోదాన్ని అంగుళం కూడా కదపకూడదు.

పక్కన పనిచేసే మనిషిగా చూసినచోట ఈ భయాలు ఎలా కరిగాయో హైదరాబాద్ చూపించింది. డాక్టర్లు ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్ 2022 చివర్లో ఉస్మానియా ఆసుపత్రిలో చేరారు. 2024 డిసెంబరులో 39 మంది ట్రాన్స్‌జెండర్లు ట్రాఫిక్ అసిస్టెంట్లుగా కూడళ్లలో నిలబడ్డారు. జ్వరంతో వచ్చిన రోగికి డాక్టరు మందు రాస్తే చాలు. డాక్టరు క్రోమోజోములు ఆ రోగికి ఎందుకు?

ప్రతి సంస్థా వివక్ష ఫిర్యాదులు వినడానికి ఒక అధికారిని నియమించాలని 2019 చట్టంలోని 11వ సెక్షన్ చెబుతోంది. విశాఖ పోర్టు, ఉక్కు కర్మాగారం, ఆంధ్రా యూనివర్సిటీ, గాజువాక ఆటోనగర్ కంపెనీలు, కార్పొరేట్ ఆసుపత్రులు, అన్నిటికీ ఇది వర్తిస్తుంది. ఈ నగరంలో పనిచేసే పాఠకులు తమ కార్యాలయంలో ఆ అధికారి ఎవరో అడగాలి. పేరు లేకపోతే నోటీసు బోర్డు మీద పెట్టించాలి.