ఇంట్లో ఉండేదానికి వాచీ ఎందుకట!

చందానగర్‌లో మా అపార్ట్‌మెంట్ వాళ్ళూ, చుట్టాలూ ఈమధ్య నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇంట్లో ఉండేదానివి, నీకు రాడో వాచీ ఎందుకు?"

ఇరవై ఏళ్ళ కోరిక అది. చీటీ పాడి కొనుక్కున్నాను. అదే డబ్బుతో గాజులు చేయించుకుంటే అందరూ మెచ్చుకునేవాళ్ళే. బంగారమైతే రేపు పనికొస్తుందట. నిజమే, తాకట్టుకి పనికొస్తుంది. అంటే మన ఒంటి మీది నగ కూడా ఇంటి పొదుపే! వాచీ అచ్చంగా నాది. కంటగింపంతా అక్కడే.

ఒకప్పుడు దుబాయ్ నుంచి వచ్చిన బావగారి చేతికి రాడో ఉంటే ఊరంతా చెప్పుకునేది. మగవాడి చేతికి హోదా, మన చేతికి దుబారానా? 1962లో రాడో డయాస్టార్ తెచ్చింది గీతలు పడని వాచీ అనే కదా. రోజూ అంట్లు తోమే చేతికి అంతకన్నా తగినది ఏముంది?

ఇక మనకి టైమ్‌తో పనేమిటంటారా? 2024 కేంద్ర ప్రభుత్వ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు దానికే ఇస్తున్నారు. చేసే మగవాళ్ళు కూడా ఇచ్చేది 88 నిమిషాలే. గృహిణులు "పని చెయ్యరు" అనుకోవడమే తప్పని 2021 జనవరిలో ఒక ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు జడ్జి ఎన్.వి. రమణగారు తీర్పులో రాశారు. కోర్టుకి అర్థమైంది, మనవాళ్ళకే ఇంకా కాలేదు.

కాబట్టి అమ్మలూ, ఎవరైనా "ఎందుకు" అంటే సంజాయిషీ ఇవ్వకండి. "నా టైమ్ చూసుకోవడానికి" అనండి, చాలు.