సెలవు ఎవరి దయ?

డిసెంబరు మొదలయ్యేసరికి మా పల్నాటి పల్లెల్లో క్రైస్తవుల ఇళ్ళ మీద రంగు కాగితపు చుక్కలు వేలాడతాయి. బొల్లాపల్లి చుట్టుపక్కల ఊళ్ళలోనూ అంతే. ఆ రోజుల్లో ఇరుగుపొరుగు అడిగే మాట ఒకటుంది: "మీ అమ్మాయి పండక్కి వస్తోందా?" హైదరాబాదులో పనిచేసే అమ్మాయి తల్లి అయితే వెంటనే తారీఖు చెబుతుంది. కువైటులో ఇంటిపని చేసే అమ్మాయి తల్లి మాత్రం "ఇంకా తెలియదమ్మా, వాళ్ళ బాబా సెలవిస్తే వస్తుంది" అంటుంది. అక్కడి ఇంటి యజమానిని మనవాళ్ళు బాబా అనీ, యజమానురాలిని మామా అనీ పిలుస్తారు. నేను రాయదలచుకున్నది ఆ "ఇస్తే" అన్న మాట గురించే.

మా ప్రాంతం నుంచి గల్ఫుకు వెళ్ళేవారు కడప, గోదావరి జిల్లాలవారంత మంది ఉండరు. అయినా వెళ్ళక తప్పని కుటుంబాలు ఇక్కడా ఉన్నాయి. నల్లమల అంచున ఉన్న మెట్టభూములివి. వాన పడితే పత్తి, మిరప, కంది, పడకపోతే అప్పు. ఈ మెట్టకు నీరందిస్తామన్న వరికపూడిశెల ఎత్తిపోతల పథకం తరాల నిరీక్షణ తరువాత 2023 నవంబరులో మాచర్లలో మరొకసారి శంకుస్థాపన దాకా వచ్చింది. ఈలోగా కూతురి పెళ్ళికో, మిరపతోట మిగిల్చిన బాకీకో ఇంట్లో ఒకరు సముద్రం దాటుతారు.

ఇంటికి రావడమన్నది ఉద్యోగ నియమంలో భాగమా, యజమాని మంచితనమా అన్న ప్రశ్న ఈ నేలకు కొత్తది కాదు. క్రిస్మసును పల్నాటికి తెచ్చినవారే పరదేశాల్లో కొలువు చేసినవారు. అమెరికా లూథరన్ మిషనరీ హైయర్ 1842 జులై 31న గుంటూరు చేరాడు. తరువాత గురజాల కేంద్రంగా పల్నాటిలో పనిచేశాడు. ఆయన మూడుసార్లు ఈ దేశానికి వచ్చాడు, మూడుసార్లు స్వదేశానికి తిరిగి వెళ్ళాడు. మొదటిసారి వెళ్ళినప్పుడు వైద్యం చదువుకుని మరీ వచ్చాడు. తరువాతి కాలంలో మిషను సంఘాలు తమ సేవకులకు కొన్నేళ్ళకొకసారి స్వదేశపు సెలవును నియమంగా పెట్టుకున్నాయి. దాన్ని ఫర్లో అనేవారు. ఆ సెలవు కోసం మిషనరీ ఎవరినీ బతిమాలుకోనక్కరలేదు. దూరదేశంలో పనిచేసే మనిషి మధ్యమధ్య తనవారిని చూసుకోకపోతే నిలవలేడని పంపినవారికి తెలుసు.

ఇక మనవాళ్ళు వెళ్ళిన చరిత్ర చూడండి. మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా నాతాలు చెరకుతోటలకు, తేయాకు తోటలకు వెళ్ళిన ఒప్పంద కూలీలలో తెలుగువారు చాలామంది. వారిలో బాప్తిస్టు విశ్వాసులూ ఉన్నారు. వారి కోసం నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్తిస్టులే 1903లో జాన్ రంగయ్య అనే బోధకుణ్ణి కియర్స్నీకి పంపారు. ఆ ఒప్పందాలు ఎంత క్రూరమైనవో అందరికీ తెలిసిందే. అయినా తొలి ఒప్పందాల్లో పదేళ్ళు నిండినవారికి ఉచితంగా తిరుగు ఓడప్రయాణం ఇవ్వాలని రాసి ఉండేది. అమలులో ఎన్ని వంచనలు జరిగినా, ఇంటికి వెళ్ళడమనే మాట కాగితం మీద ఉండేది. బానిసత్వానికి దగ్గరి చుట్టమని మనం చెప్పుకునే వ్యవస్థ కూడా ఆ మాట రాయక తప్పలేదు.

అయితే నేటి గల్ఫులో కాగితం లేదా అంటే ఉంది. కువైటులో 2015 నాటి 68వ చట్టం ఇంటిపనివారికి వారానికొక సెలవు, ఏటా వేతనంతో కూడిన సెలవు ఇవ్వాలంటుంది. పనిమనిషి ఒప్పుకోకుండా ఆమె పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండకూడదంటుంది. అరబ్ ఎమిరేట్స్ 2022లో చేసిన చట్టం ఏటా 30 రోజుల సెలవును, రెండేళ్ళకొకసారి ఇంటికి వెళ్ళిరావడానికి టిక్కెట్టును యజమాని బాధ్యత చేసింది. ఇవి చిన్న విషయాలు కావు. కానీ చట్టానికీ ఆ అమ్మాయి పెట్టె సర్దుకోవడానికీ మధ్య మూడు తాళాలున్నాయి.

మొదటిది పాస్‌పోర్టు. చాలా ఇళ్ళలో అది ఇప్పటికీ కఫీల్ బీరువాలోనే ఉంటుంది. మన 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం ప్రకారం ఆ పుస్తకం భారత ప్రభుత్వపు ఆస్తి. ఆస్తి పరాయి ఇంట్లో బందీగా ఉంటే దాని యజమాని ఊరుకోవడం వింత కాదా? రెండవది దేశం దాటే అనుమతి. 2021 మార్చిలో సౌదీ అరేబియా కార్మికుల రాకపోకల నిబంధనలను సడలించింది. ఇంటిపనివారిని మాత్రం ఆ సడలింపు నుంచి మినహాయించింది. నాలుగు గోడల మధ్య పనిచేసేవారికే తలుపు తెరుచుకోలేదు. మూడవది విమానఛార్జీ. డిసెంబరు మూడో వారంలో అది ఎలా ఎగబాకుతుందో ఎన్నారై మిత్రులకు నేను చెప్పనక్కరలేదు. మీకది విసుగు, ఆమెకు అది కొన్ని నెలల జీతం. 2022 అక్టోబరు 31న గన్నవరం నుంచి షార్జాకు నేరుగా విమానం మొదలైనప్పుడు మావాళ్ళు సంతోషించారు. దారి దగ్గరయింది గాని, ధర దగ్గరకు రాలేదు. ఛార్జీలకు హద్దు పెట్టడం ప్రభుత్వానికి చేతకానిదేమీ కాదు. 2020 మే నుంచి 2022 ఆగస్టు దాకా ఒకసారి, 2025 డిసెంబరులో విమానాలు పెద్దఎత్తున రద్దయినప్పుడు మరొకసారి పెట్టింది. రెండుసార్లూ ఆ హద్దు దేశీయ విమానాలకే.

దీనికి రెండు అభ్యంతరాలు వినిపిస్తాయి. పనివారే సెలవు వద్దని, ఆ డబ్బు ఇప్పించమంటారన్నది ఒకటి. నిజమే, అంటారు. అప్పు వడ్డీ పెరుగుతుంటే ఎవరైనా అంటారు. దాన్ని ఇష్టం అనడం మాత్రం న్యాయం కాదు. మనం గట్టిగా అడిగితే యజమానులు వేరే దేశాలవారిని పెట్టుకుంటారన్నది రెండవది. ఈ భయం ఒట్టిది కాదు. అందుకే ఒక్క దేశం అడిగితే చాలదు. పంపే దేశాలన్నీ కలిసి అడగాలి. దానికి ఆధారం కూడా ఉంది. 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆమోదించిన 189వ ఒడంబడిక, ఇంటిపనివారి ప్రయాణపత్రాలు వారి దగ్గరే ఉండాలంటుంది. మన దేశం దాన్ని ఇంతవరకు ధ్రువీకరించలేదు. మన ఊళ్ళలోనే ఇంటిపనివారికి ఆ హక్కులివ్వని మనం పరాయివారిని ఏ ముఖంతో అడుగుతాం?

ఇక్కడే ఇంటివైపు కూడా చూడాలి. వచ్చిన మనిషిని మనం ఎలా చూసుకుంటున్నాం? పాలపొడి డబ్బాలు, సెంటుసీసాలు, తలా ఒక చీర పంచడం పూర్తికాకముందే "మళ్ళీ ఎప్పుడు ప్రయాణం?" అని అడుగుతాం. డిసెంబరు 20న వచ్చిన అమ్మాయికి క్రిస్మసు, కొత్త సంవత్సరపు ఆరాధన, సంక్రాంతి చుట్టాలు, పాత బాకీల లెక్కలు అయ్యేసరికి 30 రోజులు అయిపోతాయి. రెండేళ్ళు ఫోనులో మాత్రమే చూసిన బిడ్డ ఆమెకు చేరువ కావడానికే వారం పడుతుంది. గల్ఫు నుంచి ఎంత వచ్చిందో ప్రతి ఇంటికీ లెక్క తెలుసు. ఆమె ఇంట్లో ఎన్ని రోజులుందో ఎవరూ లెక్కపెట్టరు. వలస లాభమో నష్టమో తేల్చేటప్పుడు ఆ రోజులను కూడా లెక్కలో వేసుకోవాలని నా వాదన.

ఇది ఇప్పుడు రాయడానికి కారణముంది. 1983 నాటి వలసల చట్టం స్థానంలో కొత్త చట్టం తేవడానికి కేంద్ర ప్రభుత్వం 2025లో ఒక ముసాయిదాను ప్రజల ముందు పెట్టింది. కొత్త చట్టంలో ఒక చిన్న నియమం చేరితే చాలనిపిస్తుంది: విదేశానికి ఇంటిపనికి వెళ్ళే ప్రతి ఒప్పందంలో మొదటి సెలవు ఏ నెలలో ఇస్తారో, తిరుగు టిక్కెట్టు ఎవరు కొంటారో రాసి ఉండాలి, అది లేకపోతే వలస అనుమతి ఇవ్వకూడదు. నెల ఎంచుకునే హక్కు వెళ్ళేవారిదే కావాలి. ఒకరికది డిసెంబరు, ఇంకొకరికి రంజాను, మరొకరికి సంక్రాంతి.

ఇంతమాత్రాన తాళాలన్నీ ఊడిపోతాయన్న భ్రమ నాకు లేదు. కాని నెల పేరు కాగితం మీద ఉంటే, ఆ తల్లి ఇరుగుపొరుగుకు ఒక తారీఖు చెప్పగలుగుతుంది. తారీఖు తప్పితే ఎవరిని నిలదీయాలో కూడా ఆమెకు తెలుస్తుంది. మిత్రులలో న్యాయశాస్త్రం తెలిసినవారు, గల్ఫులో ఉన్నవారు దీని మంచిచెడ్డలు రాస్తే చదవాలని ఉంది.